ఆఫీసులో, షాపులో ప్రింటింగ్ ఖర్చు తగ్గించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రింటర్ల సర్వీసు మా పని. డిస్ట్రిబ్యూటర్లు, ట్యూషన్ సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు, డయాగ్నస్టిక్ ల్యాబులు, ఇలా చిన్న వ్యాపారాల వాళ్లు మమ్మల్ని ఏది అడగడం మొదలుపెట్టినా చివరికి వచ్చి ఆగేది ఒక్కచోటే: పేపరుకీ టోనర్‌కీ నెలనెలా ఇంత ఎందుకు పోతోంది? అలాంటి ప్రశ్నలన్నీ ఇక్కడ పెట్టాం. కింద కనిపించే రేట్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో మీకు పడే రేటు పెట్టుకుని మళ్లీ లెక్క కట్టండి.

ఖర్చు తగ్గించాలంటే ముందు ఏం చెయ్యాలి?

ఒక్క పేజీకి ఎంత పడుతోందో తెలుసుకోండి. చాలామంది ఇది వదిలేసి నేరుగా చవక టోనర్ వెతుకుతారు. లెక్క పెద్ద కష్టం కాదు. 500 షీట్ల రీమ్ 280 రూపాయలు అనుకుందాం, షీటుకి 56 పైసలు. కార్ట్రిడ్జ్ రీఫిల్‌కి 400 ఇచ్చారు, 1,500 పేజీలు వచ్చాయి అనుకుందాం, పేజీకి దాదాపు 27 పైసలు. అంటే మీకు పేజీ 83 పైసలు పడింది, అందులో మూడింట రెండు వంతులు పేపరుదే. ఇదే మనిషి రీఫిల్ మానేసి 5,000 పెట్టి ఒరిజినల్ కార్ట్రిడ్జ్ కొని 2,000 పేజీలు తీస్తే టోనర్ ఒక్కదానికే పేజీకి రెండున్నర రూపాయలు, దాని ముందు పేపరు ఖర్చు చిన్నదైపోతుంది.

ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. మొదటి ఆయన పేపరు తగ్గించాలి, రెండో ఆయన టోనర్ తగ్గించాలి. రీఫిల్ వాడే ఆఫీసులో టోనర్ సేవ్ మోడ్ పెట్టి మసక అక్షరాలతో కళ్లు పాడు చేసుకుంటూ పేపరు మాత్రం ఒకవైపే వాడటం మేం తరచూ చూస్తుంటాం. టోనర్ సగం మిగిలినా వాళ్లకు దక్కేది పేజీకి 13 పైసలు, అదే రెండు వైపులా ప్రింట్ తీస్తే 28.

నెలకు ఎన్ని పేజీలు తీస్తున్నామో మాకు తెలియదు. ఎలా తెలుసుకోవాలి?

ప్రింటరే చెప్తుంది. కాన్ఫిగరేషన్ పేజీ అనో, స్టేటస్ పేజీ అనో ఒకటి ప్రింట్ తీసుకునే వీలు దాదాపు అన్ని లేజర్ ప్రింటర్లలోనూ, బాటిల్‌తో ఇంకు పోసే ట్యాంక్ ప్రింటర్లలోనూ ఉంటుంది. మొత్తం ఎన్ని పేజీలు తీసిందో అందులో ఉంటుంది. ఒకటో తారీఖున ఆ నంబరు ఒక పుస్తకంలో రాసిపెట్టండి, వచ్చే నెల ఒకటిన మళ్లీ రాయండి. కరెంటు మీటరు రీడింగ్ లాగే. టోనర్ మార్చిన రోజు కూడా ఆ నంబరు రాసుకుంటే, రీఫిల్ చేసేవాడు ఎన్ని పేజీలకు సరిపడా పౌడర్ పోస్తున్నాడో మీకే తెలిసిపోతుంది, ఇక అతనితో మాట మాట అనుకునే పని ఉండదు.

కార్ట్రిడ్జ్ డబ్బా మీద 2,000 పేజీలని ఉంది, మాకు 1,200కే అయిపోయింది. మోసమా?

చాలాసార్లు కాదు. ఆ సంఖ్య వెనక ఒక పరీక్ష ఉంది. నలుపు టోనర్‌కి ఐఎస్ఓ 19752 అనే ప్రమాణం ప్రకారం ఒక నమూనా పేజీని వరసగా ప్రింట్ తీస్తూ పోయి, అక్షరాలు వెలిసిపోయే దాకా ఎన్ని వచ్చాయో లెక్కపెడతారు. అలాంటి పేజీలో నలుపు పడే భాగం సుమారు 5 శాతమే ఉంటుంది, అంటే ఒక మామూలు చిన్న ఉత్తరమంత. మీరు తీసే బిల్లులో చుట్టూ గళ్లు, పైన నల్ల పట్టీలో కంపెనీ పేరు, మధ్యలో వాటర్‌మార్క్, కింద క్యూఆర్ కోడ్ ఉంటే కవరేజి పది శాతం దాటడం పెద్ద విశేషం కాదు. కవరేజి రెట్టింపైతే పేజీలు సగానికి సగం పడిపోతాయి.

ఇంకో సంగతి. కొత్త ప్రింటర్‌తో వచ్చే కార్ట్రిడ్జ్ చాలా మోడళ్లలో స్టార్టర్ కార్ట్రిడ్జ్, అందులో టోనర్ తక్కువ ఉంటుంది. కొనేముందే అందులో ఎన్ని పేజీలకు ఉందో అడగండి.

అయితే బిల్లు డిజైన్ మారిస్తే ఖర్చు తగ్గుతుందా?

రోజుకు వంద బిల్లులు తీసే చోట కచ్చితంగా తగ్గుతుంది. నల్ల పట్టీలో తెల్ల అక్షరాలు తీసేసి తెల్ల మీద నల్ల అక్షరాలు పెట్టండి. గళ్లకు బూడిద రంగు నింపడం ఆపండి. గీతలు సన్నవి చేయండి. వాటర్‌మార్క్ వల్ల వ్యాపారానికి ఒరిగేది ఏమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యం, బిల్లు రెండో పేజీలోకి మూడు లైన్లు జారకుండా చూసుకోవడం. షరతులూ బ్యాంకు వివరాలూ సంతకం గడీ మాత్రమే ఉన్న రెండో పేజీ మీద ఎన్ని రీములు పోతున్నాయో మార్చి నెలలో ఏ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఫైల్ తెరిచినా కనబడుతుంది. మార్జిన్ కొంచెం తగ్గించి, ఫాంట్ ఒక్క పాయింట్ తగ్గిస్తే ఆ పేజీ ఉండదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయికి ఇది అరగంట పని.

జీఎస్టీ బిల్లు మూడు కాపీలు ప్రింట్ తీయాల్సిందేనా?

ఇది చాలామందికి సరిగ్గా తెలియని విషయం, అందుకే కొంచెం వివరంగా చెప్తున్నాం. జీఎస్టీ నిబంధనల్లో 48వ రూలు ప్రకారం సరుకు అమ్మితే ఇన్‌వాయిస్ మూడు ప్రతులు: కొన్నవాళ్లకు ఒరిజినల్, రవాణాకు డూప్లికేట్, మన దగ్గర ట్రిప్లికేట్. సర్వీసులైతే రెండే. కాబట్టి కన్సల్టెన్సీ, రిపేరు, కోచింగ్ లాంటివి నడిపేవాళ్లు మూడు తీస్తుంటే మూడోది ఉత్త దండగ.

వార్షిక టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఇతర వ్యాపారులకు ఇచ్చే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి అయింది. ఈ-ఇన్‌వాయిస్‌కి మాత్రం పైన చెప్పిన మూడు ప్రతుల నియమం వర్తించదు. బండితో వెళ్లే డ్రైవర్ దగ్గర కూడా ఈ-ఇన్‌వాయిస్ మీద ఉండే క్యూఆర్ కోడ్‌ని ఫోన్లో చూపిస్తే సరిపోతుందని 138ఏ రూలులో ఉంది, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లుకైనా నంబరు ఉంటే చాలు. అయినా దారిలో ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఇబ్బంది కాబట్టి డ్రైవర్‌కి ఒక కాగితం ఇవ్వడం మంచిదే అని మా అభిప్రాయం. ఒకటి చాలు, సెట్టు అక్కర్లేదు.

మన దగ్గర ఉంచుకునే కాపీ సంగతి: రికార్డులు కంప్యూటర్లో ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రంగా ఉంచాలి. ప్రింట్ తీయకపోతే బ్యాకప్ తప్పకుండా ఉండాలి, అదీ రెండు చోట్ల. ఈ మార్పులు చేసే ముందు మీ ఆడిటర్‌కి ఒక మాట చెప్పండి.

కిరాణా, ఫ్యాన్సీ కౌంటర్ల వాళ్లకు ఇంకొకటి. కొన్నాయన జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాడై, బిల్లు 200 రూపాయల లోపై, ఆయన బిల్లు అడగకపోతే విడిగా ఇవ్వాల్సిన అవసరం లేదు, సాయంత్రానికి అన్నిటికీ కలిపి ఒక బిల్లు చేసుకోవచ్చు. అడిగితే మాత్రం ఇవ్వాలి.

కొత్త ప్రింటర్ కొనాలి. లేజరా, ఇంక్ ట్యాంకా?

మీ ఆఫీసులో ప్రింటర్ రోజూ నడుస్తుందా, ఎప్పుడో ఒకసారా అన్నది ముందు చూడాలి. ఇంక్ ట్యాంక్‌లో పేజీ ఖర్చు బాగా తక్కువ. ఎప్సన్‌లో 003 అనే నలుపు ఇంకు బాటిల్ 65 మిల్లీలీటర్లు ఉంటుంది, దానికి కంపెనీ చెప్పే లెక్క 4,500 పేజీలు. ఏ రీఫిల్‌తో పోల్చినా ఇది చవకే, పైగా ఒరిజినల్ ఇంకు. కలర్ కూడా వస్తుంది. ఫొటోలు, కలర్ గ్రాఫులు ఉండే రిపోర్టులు, ప్రాజెక్టు రికార్డులు తీసేవాళ్లు ఇంకేం ఆలోచించకుండా ట్యాంక్ తీసుకోవచ్చు.

కానీ ట్యాంక్ ప్రింటర్ ఖాళీగా కూర్చుంటే ఇంకు చిమ్మే హెడ్ ఎండిపోతుంది. వేసవి సెలవుల్లో రెండు నెలలు మూసేసిన ట్యూషన్ సెంటర్లలో జూన్‌లో తెరవగానే గీతలు గీతలుగా ప్రింట్ రావడం మామూలు. అప్పుడు క్లీనింగ్ మీద క్లీనింగ్ కొడతారు, ప్రతి క్లీనింగ్‌కీ బోలెడు ఇంకు వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది, ఆ ప్యాడ్ నిండితే ప్రింటర్ ఆగిపోతుంది. వారానికి ఒక కలర్ పేజీ తీస్తే ఇదంతా తప్పుతుంది. అలా తీసే మనిషి లేకపోతే లేజర్ కొనండి, టోనర్ పొడి కాబట్టి ఎండిపోదు.

ఇంకు నీళ్లకు చెదురుతుందా అని కూడా అడగాలి. కొన్ని ట్యాంక్ మోడళ్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు, తడి తగిలినా నిలబడుతుంది. కొన్నిటిలో డై ఇంకు, తడి వేలు పడితే చాలు అక్షరం అలుక్కుపోతుంది. వానాకాలంలో డెలివరీ బండ్ల మీద తిరిగే బిల్లులకు, చెక్కు మీద ప్రింట్ తీయడానికి డై ఇంకు పనికిరాదు.

నలుపు మాత్రమే, రోజుకు వంద పేజీలు, ముగ్గురు నలుగురు వాడతారు అంటే ఆటో డ్యూప్లెక్స్ (దానంతటదే రెండు వైపులా తీయడం), నెట్‌వర్క్ రెండూ ఉన్న మోనో లేజర్, అంటే నలుపు మాత్రమే తీసే లేజర్, ఒకటి చాలు. టేబుల్‌కొక చిన్న ప్రింటర్ పెట్టడం కన్నా ఇదే నయం. అలా పెడితే ఒక్కోదానికి ఒక్కో రకం కార్ట్రిడ్జ్, ఏది ఎప్పుడు అయిపోతుందో తెలియక అన్నీ స్టాకు పెట్టుకోవాలి.

ప్రింటర్ రేటు తక్కువ ఉన్నదే కొంటే తప్పేంటి?

మూడు వేలు తక్కువకు వచ్చిన ప్రింటర్‌లో పేజీకి రూపాయి ఎక్కువ పడితే, మూడు వేల పేజీలకు ఆ లాభం కరిగిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో అది ఒక్క నెల పని. ముఖ్యంగా చిన్న ఇంకు కార్ట్రిడ్జ్‌లతో నడిచే ఇంక్‌జెట్ ప్రింటర్లను వ్యాపారానికి తీసుకోకండి.

మా దగ్గర పాత హెచ్‌పీ 1020 ఉంది. మార్చేయమంటారా?

బాగా నడుస్తుంటే మార్చొద్దు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనన్ ఎల్‌బీపీ 2900 మన ఊళ్లలో ఇంకా వేలకొద్దీ పనిచేస్తున్నాయంటే కారణం ఉంది: పార్టులు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, హెచ్‌పీ 12ఏ, కెనన్ 303 కార్ట్రిడ్జ్‌లు రీఫిల్ చేయడం తెలియని టెక్నీషియన్ ఉండడు. వీటిలో లేనిది ఆటో డ్యూప్లెక్స్. మీ పేజీల్లో సగం రెండు వైపులా తీయగలిగినవైతే అప్పుడు లెక్క వేసుకుని కొత్తది తీసుకోండి, దీన్ని మాత్రం కౌంటర్ దగ్గర ఒక్క పేజీ బిల్లులకు పెట్టుకోండి.

టోనర్ రీఫిల్ చేయిస్తే ప్రింటర్ పాడవుతుందా?

మంచి పౌడర్, మంచి చెయ్యి అయితే పాడవదు. రీఫిల్ అంటే రంధ్రం పెట్టి పొడి పోసి టేపు అంటించడం అనుకునే చోట మాత్రం ప్రింటర్ లోపలంతా నల్లగా అవుతుంది. సరిగ్గా చేసే మనిషి 12ఏ లాంటి కార్ట్రిడ్జ్‌ని ఎలా చేస్తాడో ఒకసారి పక్కన నిలబడి చూడండి. పక్క పిన్నులు తీసి రెండు భాగాలు విడదీస్తాడు. డ్రమ్‌ని (పేజీ మీద టోనర్ వేసే రోలర్) వెలుతురు తగలకుండా గుడ్డలో చుట్టి పక్కన పెడతాడు. పాత వేస్ట్ పౌడర్ పూర్తిగా దులిపేస్తాడు, ఇది ముఖ్యం, ఆ గది నిండితే పొడి బయటికి కారి పేజీ అంచుల మీద పడుతుంది. పీసీఆర్ అనే నల్ల రబ్బరు రోలర్‌ని తుడుస్తాడు, డ్రమ్‌ని తుడిచే వైపర్ బ్లేడు అంచు చూస్తాడు. ఆ తర్వాత ఆ కార్ట్రిడ్జ్‌కి చెప్పిన పౌడర్ పోసి మూసి, టెస్ట్ పేజీ తీసి చూపిస్తాడు. సీలున్న బాటిల్ మీ ముందే తెరవమని అడగడంలో మొహమాటం వద్దు.

మూడు నాలుగు రీఫిల్స్ అయ్యాక డ్రమ్ అరుగుతుంది, మార్పించాలి. అది మార్చకుండా పౌడర్ ఒక్కటే పోయించుకుంటూ, వచ్చిన బ్యాడ్ ప్రింట్లన్నీ చించి మళ్లీ తీస్తూ పోతే డ్రమ్ ఖర్చుకు మించి పేపరు పోతుంది. లక్షణాలు పేజీ మీదే కనిపిస్తాయి. పై నుంచి కిందికి సన్నటి నల్ల గీత వస్తే డ్రమ్ మీద గీత పడింది, లేదా వైపర్ బ్లేడు దెబ్బతింది. పేజీ మొత్తం బూడిద పూసినట్టు ఉంటే పీసీఆర్, డ్రమ్, లేదా పౌడర్ రకం చూడాలి. ఒకే మచ్చ పేజీ కిందికి మళ్లీ మళ్లీ వస్తుంటే స్కేలు పెట్టి కొలవండి: 12ఏలో డ్రమ్ వ్యాసం 24 మిల్లీమీటర్లు, చుట్టు కొలత సుమారు 75. మచ్చల మధ్య దూరం ఏడున్నర సెంటీమీటర్లు ఉంటే తప్పు డ్రమ్‌దే. ఇది తెలిసి ఉంటే అవసరం లేని ఫ్యూజర్ (టోనర్‌ని వేడితో పేపరుకి అంటించే భాగం) రిపేరు ఎవరూ మీకు అంటగట్టలేరు.

వారంటీలో ఉన్న ప్రింటర్ అయితే షరతులు చదివి నిర్ణయించుకోండి.

కంపాటబుల్ కార్ట్రిడ్జ్‌లు మంచివేనా?

ఇవి ప్రింటర్ కంపెనీ కాకుండా వేరేవాళ్లు చేసేవి. నాణ్యత ఒక్కో తయారీకి ఒక్కోలా ఉంటుంది, అందుకే ముందు ఒకటి కొని దాని పేజీలు లెక్కపెట్టండి, డజను ఒకేసారి కొనకండి. ఇంకో జాగ్రత్త: కొత్త ప్రింటర్లలో చాలావాటి కార్ట్రిడ్జ్‌లకు చిప్ ఉంటుంది. కంపెనీ చిప్ లేనిదాన్ని ప్రింటర్ ఒప్పుకోకపోవచ్చు, ఇవాళ ఒప్పుకున్నది కూడా ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత ఆగిపోవచ్చు. ప్రింటర్ కొనేటప్పుడే, ఇది రీఫిల్ అవుతుందా, చిప్ కావాలా, చిప్ ఎంత, అని షాపులో అడిగి తెలుసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ప్రింటర్ అమ్మే షాపులో ఒకసారి, రీఫిల్ చేసే షాపులో ఒకసారి ఇదే ప్రశ్న అడిగితే అసలు జవాబు దొరుకుతుంది.

పేపర్ 70 జీఎస్ఎం తీసుకోవాలా, 75 ఆ, 80 ఆ?

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు పేపరు బరువు, గ్రాముల్లో. రోజువారీ పనికి 70 చాలు. రెండు వైపులా తీసేదైతే 75 తీసుకోండి, వెనక అక్షరాలు ముందుకి అంతగా కనబడవు, డ్యూప్లెక్స్‌లో ఇరుక్కోవడం తక్కువ. బయటికి వెళ్లే ఉత్తరాలు, కొటేషన్లకు 80.

రీమ్ మీద రాసిన జీఎస్ఎం నిజమా కాదా అన్నది కిరాణా కాటా మీద తేల్చుకోవచ్చు. ఏ4 షీటు 210 బై 297 మిల్లీమీటర్లు, 500 షీట్లు కలిపితే 31 చదరపు మీటర్ల పైచిలుకు. అందుకని 70 జీఎస్ఎం రీమ్ రమారమి 2 కిలోల 180 గ్రాములు, 75 అయితే 2 కిలోల 340, 80 అయితే రెండున్నర కిలోలు తూగాలి, రేపరు బరువు అదనం. రేటు బాగా తక్కువకు ఇస్తున్న రీమ్ రెండు కిలోలే తూగితే సంగతి అర్థమైనట్టే: బరువు తక్కువో, షీట్లు తక్కువో.

చవక పేపరులో దుమ్ము ఎక్కువ ఉంటుంది, అది రోలర్లకు పట్టి రెండేసి షీట్లు లాగుతుంది. తేమ కూడా అంతే. కాకినాడ, విశాఖ వైపు వానాకాలంలో రీమ్ విప్పి రాత్రంతా ట్రేలో వదిలేస్తే పొద్దున్నే జామ్‌లు మొదలవుతాయి. కావలసినన్ని షీట్లు తీసుకుని మిగతాది కవర్లోనే ఉంచండి.

రెండు వైపులా తీయమని స్టాఫ్‌కి ఎన్నిసార్లు చెప్పినా చెయ్యరు. ఏం చెయ్యాలి?

చెప్పడం మానేసి సెట్టింగ్ మార్చండి. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రింటింగ్ డిఫాల్ట్స్‌లో రెండు వైపులా అని, కలర్ ప్రింటర్ అయితే గ్రేస్కేల్ (నలుపు తెలుపు) అని పెట్టేస్తే ఆ కంప్యూటర్ వాడే అందరికీ అదే వస్తుంది. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో మారిస్తే మీ లాగిన్‌కి మాత్రమే మారుతుంది, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒకవైపు కావాల్సినవాళ్లు ఆ ఒక్కసారికి మార్చుకుంటారు.

పిల్లల ప్రాజెక్టులు, ఆధార్ కాపీలు ఆఫీసులో తీసుకుంటున్నారని కొందరు యజమానులు బాధపడతారు. మేం చూసినంతవరకు అసలు నష్టం అక్కడ లేదు. ప్రివ్యూ చూడకుండా ఎక్సెల్ షీటు ప్రింట్ కొట్టడం వల్ల ఒక్క కాలమ్ పక్క పేజీలోకి పోయి నలభై కాగితాలు వృథా కావడం, ఇంటర్నెట్ పేజీ మొత్తం ప్రకటనలతో సహా రావడం, ప్రింటర్ ఆఫ్‌లో ఉందని చూసుకోకుండా ఐదుసార్లు ప్రింట్ నొక్కితే తర్వాత ఐదూ రావడం, వీటితో పోయేదే ఎక్కువ. ఎక్సెల్‌లో కాలమ్‌లన్నీ ఒక పేజీలో పట్టించే ఆప్షన్ ఎక్కడుందో స్టాఫ్‌కి ఒకసారి కూర్చోబెట్టి చూపించండి.

ఫాంట్ మారిస్తే ఇంకు మిగులుతుందంటారు, నిజమేనా?

కొంత నిజం. 2010లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ గ్రీన్ బే క్యాంపస్ వాళ్లు ఇంకు తక్కువ పడుతుందని ఈ-మెయిల్ ఫాంటుని ఏరియల్ నుంచి సెంచరీ గోతిక్‌కి మార్చారు. గీతలు సన్నవి కాబట్టి ఇంకు తగ్గుతుంది, కానీ అక్షరాలు వెడల్పు, ఒక పేజీ పని ఒకటింబావు పేజీలోకి పోతే మీకు మిగిలింది ఏమీ లేదు. మొదట చెప్పిన లెక్కే, మీకు ఖరీదైంది పేపరైతే తక్కువ చోటు తీసుకునే ఫాంటు చూడాలి.

తెలుగులో ప్రింట్ తీసేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వర్డ్‌లో గౌతమి ఫాంట్ పెడితే లైన్ల మధ్య ఖాళీ చాలా వచ్చేస్తుంది, పేజీలు పెరుగుతాయి. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో లైన్ స్పేసింగ్‌ని ఎగ్జాక్ట్లీ అని మార్చి, ఒత్తులు తెగిపోకుండా చూసుకుంటూ తగ్గించుకుంటే అదే విషయం తక్కువ కాగితాల్లో పడుతుంది. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికకే ఉంచి, లోపలి విషయానికి మండలి లాంటి సన్నవి వాడండి.

మా లెటర్‌హెడ్‌లో కలర్ లోగో ఉంది. ప్రతి ఉత్తరం కలర్‌లో తీయాలా?

వద్దు. లెటర్‌హెడ్లు ఆఫ్‌సెట్ ప్రెస్‌లో ఒకేసారి వేయించేసుకుని, వాటిమీద మోనో లేజర్‌లో మ్యాటర్ తీసుకోండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ ఖర్చు, మిషను సెట్ చేసే ఖర్చు వంద వేసినా వెయ్యి వేసినా ఒకటే కాబట్టి సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కోదాని రేటు దిగిపోతుంది. లేజర్‌లో వాడతామని ప్రెస్ ఆయనకు ముందే చెప్పాలి. అక్షరాలు ఉబ్బెత్తుగా వచ్చే పౌడర్ ప్రింటింగ్ అయితే లేజర్ వేడికి కరిగి ఫ్యూజర్‌కి అంటుకుంటుంది. ఫోన్ నంబరో, అడ్రసో మారబోతుంటే తక్కువే వేయించండి, మూలన పడున్న పాత అడ్రసు లెటర్‌హెడ్ల కట్ట కన్నా దండగ ఏముంటుంది.

పాంప్లెట్లు, బ్యానర్లు, విజిటింగ్ కార్డుల్లో ఎక్కడ తగ్గించుకోవచ్చు?

సైజు దగ్గర. పాంప్లెట్ డిజైన్ చేయించే ముందే ప్రెస్‌కి ఫోన్ చేసి ఏ సైజు అయితే షీటు వృథా కాదో అడగండి, డెమ్మీ అనే సైజు షీటులో ఎనిమిదో వంతు, నాలుగో వంతు, అలా చెప్తారు. డిజైనర్ అందంగా ఉందని అర అంగుళం పెంచితే షీటుకి ఎనిమిది రావాల్సినవి ఆరే వస్తాయి. ఫ్లెక్సీ చదరపు అడుగు లెక్క, రోల్ వెడల్పుకి సరిపడా కొలత ఇస్తే కోతలో పోయేది ఉండదు. యాభై, వంద కాపీలకు డిజిటల్ చవక, వేలల్లో అయితే ఆఫ్‌సెట్. అక్షర దోషాలు మాత్రం ప్రూఫ్ కాగితం మీద ఇద్దరు చదివాకే ఓకే చెప్పండి, ఫోన్ తెరమీద చూసి ఓకే అనకండి, మళ్లీ వేయించాల్సి వస్తే ఖర్చు రెట్టింపు.

ట్యూషన్ సెంటర్‌కి వారం వారం టెస్టు పేపర్లు కావాలి. జిరాక్స్ బిల్లు భరించలేకపోతున్నాం.

ఒకే పేపరు రెండు మూడు వందల కాపీలు కావాలంటే జిరాక్స్ కాకుండా రైసో లాంటి డిజిటల్ డూప్లికేటర్ ఉన్న షాపు వెతకండి. అందులో ముందు ఒక మాస్టర్ (స్టెన్సిల్ లాంటిది) కోసుకుంటుంది, దానికి ఒక రేటు, ఆపైన కాపీ కాపీకీ అయ్యేది ఇంకు, పేపరు ఖర్చే. ఇరవై ముప్పై కాపీల లోపు గిట్టదు, వందల్లో అయితే జిరాక్స్ దీని దగ్గరికి రాలేదు. రెండు మూడు సెంటర్లు కలిసి మిషను కొనుక్కున్నా లాభమే. ఓఎంఆర్ షీట్లు అవసరం లేని వారం టెస్టులకు జవాబులు పాత కాగితాల వెనకవైపు రాయించండి.

థర్మల్ బిల్లు ప్రింటర్‌లో ఇంకు లేదు కదా, అందులో ఖర్చేముంది?

రోల్. బిల్లు పొడవు తగ్గిస్తే రోల్ ఎక్కువ రోజులు వస్తుంది. పెద్ద లోగో, కింద పది లైన్ల షరతులు, ప్రతి బిల్లు మీదా పేమెంట్ క్యూఆర్ తీసేయండి, క్యూఆర్ కౌంటర్ మీద అంటించి ఉంటే చాలు. థర్మల్ అక్షరాలు వేడికీ, నూనెకీ, ప్లాస్టిక్ కవర్‌కీ వెలిసిపోతాయి కాబట్టి మీరు కొన్న వస్తువుల వారంటీ బిల్లులు, పెట్రోలు బిల్లులు ఇలాంటి కాగితం మీద వస్తే ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

డాట్ మ్యాట్రిక్స్ ఇంకా వాడొచ్చా?

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, గోడౌన్, ఒకేసారి మూడు కాపీలు కావాల్సిన చోటు అయితే నిక్షేపంగా వాడండి. టీవీఎస్ ఎంఎస్‌పీ 250 లాంటివి దుమ్ములో కూడా ఏళ్లకేళ్లు నడుస్తాయి, రిబ్బన్ చవక.

కాపియర్ రెంటుకు ఇస్తామంటున్నారు, కాపీకి ఇంత అని. తీసుకోవచ్చా?

నెలకు వేలల్లో పేజీలు ఉంటే బావుంటుంది, టోనర్, సర్వీసు టెన్షన్ ఉండదు. అగ్రిమెంట్‌లో ఇవి అడగండి: నెలకు కనీసం ఎన్ని కాపీలకు కట్టాలి, తీయకపోయినా కట్టాలా? రెండు వైపులా తీస్తే రెండు లెక్కా? ఏ3 ని రెండుగా లెక్కేస్తారా? స్కాన్‌కి డబ్బులా? జామ్ అయి పాడైన కాపీలు ఎవరి ఖాతా? కలర్ మిషను అయితే ఇంకొకటి: నల్ల అక్షరాల పేజీలో మూలన చిన్న నీలం లోగో ఉన్నా అది కలర్ కాపీ కిందే మీటరు తిరుగుతుంది, కలర్ రేటు పడుతుంది. ఇది తెలియక ఈ-మెయిల్స్ అన్నీ కలర్ రేటుకి తీసుకునే ఆఫీసులు ఉన్నాయి. గ్రేస్కేల్ డిఫాల్ట్ పెట్టించాకే మిషను దింపించుకోండి. మీటరు రీడింగ్ వాళ్ల మనిషి రాసుకునేటప్పుడు మీరూ రాసుకోండి.

పేపర్, టోనర్ మీద కట్టిన జీఎస్టీ వెనక్కి వస్తుందా?

రెగ్యులర్ స్కీములో ఉండి, జీఎస్టీ వర్తించే వ్యాపారానికి వాడుతుంటే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. కంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు లేదు. మీ జీఎస్టీ నంబరు వేయించుకోకుండా స్టేషనరీ కొట్టులో చీటీ మీద రీములు కొంటే ఆ క్రెడిట్ పోయినట్టే.

ఖాళీ కార్ట్రిడ్జ్‌లు ఏం చేయాలి?

చెత్తబుట్టలో వేయకండి. 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లో ప్రింటర్లు, వాటి కార్ట్రిడ్జ్‌లు రెండూ ఉన్నాయి, రిజిస్టర్ అయిన రీసైక్లర్లకు ఇవ్వండి, కొన్ని ప్రింటర్ కంపెనీలు కూడా వెనక్కి తీసుకుంటాయి. రీఫిల్‌కి పనికొచ్చే ఒరిజినల్ ఖాళీలకు రీఫిల్ షాపుల్లో డబ్బులిస్తారు, అడగండి. పగిలిన కార్ట్రిడ్జ్ నుంచి టోనర్ నేలమీద పడితే చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తీయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. బట్టల మీద పడితే ముందు దులిపి చన్నీళ్లతోనే ఉతకాలి, వేడినీళ్లు పోస్తే మరక అతుక్కుపోతుంది.